పెల్లాగ్రా కథలో పళ్లెం, కణం

పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ నూరేళ్లు నిండిన వయసులో 2019లో కన్నుమూశారు. ఆయన స్మృతిలో మాట్లాడేవారు సాధారణంగా ఆయన పెంచిన సంస్థల గురించి, మన దేశపు ఆహార పట్టికల గురించి చెబుతారు. నేను మాత్రం ఆయన లేవనెత్తి, తన జీవితకాలంలో పూర్తిగా తేలకుండా మిగిలిన ఒక ప్రశ్నను తీసుకుంటున్నాను. దక్కనులో జొన్న తినే పేదలకు పెల్లాగ్రా ఎందుకు వచ్చేది? చూడ్డానికి ఒక ప్రాంతపు, ఒక రోగపు సంగతి. కానీ దాని లోపలికి వెళితే, విటమిన్ల గురించి బడిలో నేర్చుకున్న లెక్కే తలకిందులవుతుంది. తిండిలో విటమిన్ ఉంటే ఆరోగ్యం, లేకపోతే రోగం అన్నది ఆ లెక్క. పెల్లాగ్రా చరిత్రను మొదటి నుంచి పరిశీలిస్తే అది నిలవదని నా వాదం. పళ్లెంలో ఎంత ఉందన్న దాంతో పాటు, పేగు దాన్ని గింజ నుంచి విడిపించుకుందా, కాలేయం తనంతట తాను కొంత తయారుచేసుకుందా, తయారీ మధ్యలో సరుకు వేరే దారి పట్టిందా అన్నవి కూడా రోగాన్ని నిర్ణయిస్తాయి.

1735లో ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక వింత చర్మరోగాన్ని గమనించాడు. ఎండ తగిలే చోటల్లా చర్మం ముందు కందిపోయి, తర్వాత నల్లబడి, పొలుసులుగా ఊడేది. మెడ చుట్టూ ఏర్పడే ఆ మచ్చల వరుసను వైద్యులు ఇప్పటికీ కసాల్ హారమనే అంటారు. చర్మంతో మొదలై, ఆగని విరేచనాలు, ఆపైన మతి చలించడం, చివరికి చావు. రోగులు తినేది ముఖ్యంగా మొక్కజొన్న అని కసాల్ రాసిపెట్టాడు. ఆ పరిశీలనను తర్వాతి తరాలు కాదనలేదు గానీ తప్పుగా అర్థం చేసుకున్నాయి. బూజు పట్టిన మొక్కజొన్నలో విషం ఉందని కొందరు, ఇది అంటువ్యాధి అని మరికొందరు వాదించుకుంటూ శతాబ్దంన్నర గడిపారు. అసలు అమెరికా ఖండపు ఆదివాసులు వేల ఏళ్లుగా మొక్కజొన్న తింటున్నా వాళ్లను ఈ రోగం ఎందుకు పీడించలేదని అడిగి ఉంటే తోవ దొరికేది. వాళ్లు గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బుకునేవారు. మొక్కజొన్నలో పెల్లాగ్రాను ఆపే నయాసిన్ అనే విటమిన్ చాలావరకు పిండిపదార్థాలకు అంటుకుని బందీగా ఉంటుంది. మన జీర్ణరసాలకు అది లొంగదు, సున్నపు క్షారానికి లొంగుతుంది. ఐరోపావాళ్లు గింజను ఓడల్లో తెచ్చుకున్నారు, వంట పద్ధతిని అక్కడే వదిలేశారు. గింజలో ఉన్నదంతా ఒంటికి అందదనడానికి ఇది మొదటి సాక్ష్యం.

1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ దక్షిణ రాష్ట్రాలకు పంపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ రెండో అడుగు వేశాడు. పిచ్చాసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో అక్కడ ఉండేవాళ్లకు రోగం వస్తోంది, వాళ్లకు సేవ చేసే సిబ్బందికి రావడం లేదు. అంటురోగమైతే మనిషి హోదా చూసి ఆగదు కదా! 1915లో మిసిసిపీలోని ర్యాంకిన్ జైలు పొలంలో ఆయన చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. క్షమాభిక్ష పెడతానని గవర్నరు మాటివ్వగా 12 మంది ఆరోగ్యవంతులైన ఖైదీలు ముందుకొచ్చారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరి దాకా వాళ్లకు పెట్టింది మొక్కజొన్న జావ, మొక్కజొన్న రొట్టె, గోధుమ బిస్కట్లు, అన్నం, చిలగడదుంప, కొంచెం ఆకుకూర, పాకం, చక్కెర వేసిన కాఫీ. పాలు లేవు, మాంసం లేదు, గుడ్లు లేవు. కడుపు నిండింది. చివరిదాకా ఉన్న 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా చర్మలక్షణాలు కనిపించాయి. ఈనాటి నీతి సంఘమేదీ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయినా అంటువ్యాధి వాదులు వెనక్కి తగ్గకపోవడంతో మరుసటి ఏడాది గోల్డ్‌బర్గర్, ఆయన సహచరులు, ఆయన భార్య రోగుల రక్తాన్ని తమకే ఎక్కించుకున్నారు. పొలుసులను, మలాన్ని మాత్రల్లో చుట్టి మింగినవారూ వాళ్లలో ఉన్నారు. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఆయన 1929లో చనిపోయే నాటికి రోగానికి మందేమిటో తెలుసు, మందులోని పదార్థమేదో తెలియదు. ఈస్టు, మాంసం, పాలు నయం చేస్తున్నాయి, అంతే. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వేజెమ్ బృందం, పెల్లాగ్రాకు సమానంగా కుక్కల్లో వచ్చే నల్లనాలుక రోగాన్ని నికోటినిక్ ఆమ్లంతో, అంటే నయాసిన్‌తో, నయం చేసింది. ఆ రసాయనం కొత్తది కానే కాదు. 19వ శతాబ్దం నుంచీ రసాయనశాలల అలమరాల్లో ఉంది. కాసిమిర్ ఫంక్ బెరిబెరికి మందు వెతుకుతూ తవుడు నుంచి దాన్ని వేరుచేశాడు కూడా. బెరిబెరిని తగ్గించలేదు కాబట్టి పక్కన పెట్టాడు. ఇక కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. కానీ పాలు లెక్కకు రాలేదు. లీటరు పాలలో నయాసిన్ సుమారు 1 మిల్లీగ్రాము. మనిషికి రోజుకు కావలసింది 14 నుంచి 16. మొక్కజొన్నలో పాలలో కంటే ఎక్కువే ఉంది. ఏమీ లేని పాలు రోగాన్ని మాన్పడమేమిటి? జవాబు 1945లో అదే విస్కాన్సిన్ నుంచి వచ్చింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇస్తే నయాసిన్ ఇచ్చినట్టే ఎలుకలు కోలుకున్నాయి. ఆ వ్యాసం రాసిన నలుగురిలో పి.ఎస్. శర్మ అనే భారతీయుడు ఒకరు. తర్వాత మనుషులపై కొలిచి, సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నయాసిన్ తయారవుతుందని తేల్చారు. లీటరు పాలలో ట్రిప్టోఫాన్ 400 మిల్లీగ్రాముల పైచిలుకు. అంటే దాదాపు 7 మిల్లీగ్రాముల నయాసిన్‌కు సమానం.

60కి 1 అనే ఈ నిష్పత్తిలోనే మన వాదం దాగి ఉంది. అంత నష్టం ఎక్కడ జరుగుతోంది? కాలేయంలో ట్రిప్టోఫాన్ ముందు కైన్యురెనిన్‌గా మారుతుంది. దానికి హైడ్రాక్సిల్ చేర్చే ఎంజైముకు రైబోఫ్లేవిన్, అంటే బి2, కావాలి. తర్వాతి మెట్టులోని కైన్యురెనినేజ్ అనే ఎంజైముకు బి6 కావాలి. అది దాటాక ఒక నిలకడలేని పదార్థం పుడుతుంది. దాన్ని ఎంజైము పట్టుకుంటే పూర్తిగా దహనమయ్యే దారిలో పోతుంది. పట్టుకోలేకపోయిన కాస్తా దానంతటదే ముడుచుకుని క్వినోలినిక్ ఆమ్లమై, చివరికి నయాసిన్ ఒంట్లో పనిచేసే రూపమైన ఎన్‌ఏడీగా మారుతుంది. కాలువ నీళ్లన్నీ పెద్ద తూములోంచి పోగా గట్టు పొర్లిన నాలుగు చుక్కలే చివరి మడికి చేరినట్టన్నమాట. పిల్లి జాతిలో ఆ తూము మరీ పెద్దది. అందుకే పిల్లి ఎంత మాంసకృత్తు తిన్నా ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ చేసుకోలేదు. ఇలా పుట్టిన ఎన్‌ఏడీ కణంలో ఇంధనం మండించడానికి హైడ్రోజన్‌ను మోస్తుంది, ఎండకు దెబ్బతిన్న డీఎన్‌ఏను మరమ్మతు చేసే ఎంజైముకు ముడిసరుకు అవుతుంది. పెల్లాగ్రా ఎండ తగిలే చోటే చర్మాన్ని ఎంచుకోవడానికి ఇదొక ఆధారమున్న వివరణ.

పళ్లెంలో లోపమేమీ లేకుండానే పెల్లాగ్రా రావచ్చని వైద్యం తర్వాత మూడు చోట్ల చూసింది. 1956లో వర్ణించిన హార్ట్‌నప్ వ్యాధిలో ట్రిప్టోఫాన్‌ను పేగు సరిగా పీల్చుకోదు, మూత్రపిండం నిలుపుకోదు. కార్సినాయిడ్ కణితిలో ట్రిప్టోఫాన్‌ను కణితి సెరటోనిన్ తయారీకి లాగేసుకుంటుంది. మామూలుగా నూటికి ఒక వంతు వెళ్లే ఆ దారిలో సగానికి పైగా వెళ్లగలదు. మూడోది మన ఆసుపత్రుల్లో రోజూ కనిపించే మందు. క్షయకు వాడే ఐసోనియాజిడ్ బి6ను పట్టి బయటికి పంపేస్తుంది, దాంతో కైన్యురెనినేజ్ మందగిస్తుంది. బి6 రూపమైన పిరిడాక్సిన్ మాత్రను దాంతో పాటు ఇవ్వడానికి ముఖ్య కారణం నరాల రక్షణే అయినా, ఈ మెట్టును కాపాడేదీ ఆ మాత్రే.

ఇప్పుడు దక్కనుకు వద్దాం. కూనూరులో వైద్యుడు మెక్‌కారిసన్ 1918లో మొదలుపెట్టిన, తర్వాత గోపాలన్ పనిచేసిన పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలింది. చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే పెల్లాగ్రా రోగులు తినేది జొన్నరొట్టె, జొన్న గటక. మొక్కజొన్న సిద్ధాంతం ఇక్కడ పనికిరాలేదు. జొన్నలో నయాసిన్ బియ్యంలో కంటే ఎక్కువే. ట్రిప్టోఫాన్ కూడా మొక్కజొన్నలో ఉన్నంత కరవు కాదు. 1960లో గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా వైద్యపత్రిక లాన్సెట్‌లో ఒక సాహసం చేశారు: జొన్నలో తక్కువైనది కాదు, ఎక్కువైనదే కారణం కావచ్చన్నారు. అది ల్యూసిన్. బియ్యపు ప్రోటీన్‌లో 8 శాతం దగ్గర ఉండే ఈ అమైనో ఆమ్లం జొన్న ప్రోటీన్‌లో 13 శాతం దగ్గర ఉంటుంది. అధిక ల్యూసిన్ ట్రిప్టోఫాన్ దారిని చెదరగొడుతుందని ప్రతిపాదించి, కుక్కలకు పెట్టి నల్లనాలుకను చూపించారు. ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే ఆ ప్రభావం తగ్గుతుందని, బి6 కూడా సాయపడుతుందని అదే సంస్థ తర్వాత ప్రచురించింది.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది, దాచకూడదు. వేరే దేశాల ప్రయోగశాలలు ల్యూసిన్ ఎక్కువ పెట్టి చూసినప్పుడు ఈ ఫలితాలు రాలేదు. కుక్కలపై మళ్లీ చేసిన పనిలోనూ రాలేదు. కొన్నింటిలో కొంత ప్రభావం కనిపించింది, అదీ నయాసిన్, బి6 అప్పటికే తక్కువగా ఉన్నప్పుడు. ల్యూసిన్ ఒక్కటే పెల్లాగ్రా తెచ్చిపెడుతుందన్న బిగువైన వాదం నిలవదనే నేననుకుంటాను. కానీ ఆ వాదం వీగిపోయినంత మాత్రాన దాని వెనకున్న ప్రశ్న వీగిపోదు. బియ్యం తినేవాళ్లలో కనిపించని రోగం, నయాసిన్ ఎక్కువున్న గింజ తినేవాళ్లలో కనిపించింది. అంటే వివరణ నయాసిన్ అంకెలో లేదు. అప్పటికే బి2, బి6, ట్రిప్టోఫాన్ అరకొరగా అందే ఒంట్లో ఇంకొక ఒత్తిడి పడితే ఆ దారి తెగిపోతుందన్న సవరించిన రూపంలో ఆ సిద్ధాంతం మనకు ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే ముఖ్యమైనది. రోగాన్ని ఎంజైములకు అప్పగించేస్తే పేదరికం తప్పించుకుపోదా? గోల్డ్‌బర్గర్, ఆర్థికవేత్త ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ దక్షిణ కెరొలినా మిల్లు గ్రామాల్లో చూపింది అదే: ఇంటి ఆదాయం పెరిగేకొద్దీ పెల్లాగ్రా తగ్గింది. నా సమాధానం ఏమిటంటే, దారి గురించి తెలుసుకోవడం ఆ లెక్కను బలపరుస్తుందే తప్ప కొట్టేయదు. పాలు, పప్పు, మాంసం మానేసిన ఇంట్లో ట్రిప్టోఫాన్, బి2, బి6 మూడూ ఒకేసారి తగ్గుతాయి. దారికి మొదలూ మధ్యా రెండూ దెబ్బతింటాయి. 1990లో మలావిలోని మొజాంబిక్ శరణార్థి శిబిరాల్లో 18,000 మందికి పైగా పెల్లాగ్రా పాలయ్యారు. వాళ్ల రేషన్లో మొక్కజొన్న వస్తూనే ఉంది, ఆగిపోయింది వేరుశనగ. కెలోరీలు లెక్కగట్టిన కాగితాల మీద అదొక చిన్న మార్పు. మాత్ర ఇస్తే సరిపోదా అనేవాళ్లకూ ఇదే జవాబు: నయాసిన్ మాత్ర దారి చివరికే సరుకు చేర్చి ప్రాణం నిలబెడుతుంది, వెంటనే ఇవ్వాల్సిందే. అయితే అది బి2 లోటును పూడ్చదు, ఐసోనియాజిడ్ మింగేవాడి బి6ను తిరిగి తేదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, పేదల ఇళ్లలో జొన్న ఇంకా వెనక్కి తగ్గింది. పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. ఇప్పుడు జొన్న చిరుధాన్యాల ప్రచారంతో పట్నాల్లో ఖరీదైన తిండిగా తిరిగొచ్చింది. పప్పు, పెరుగు, గుడ్డు కలిపి జొన్నరొట్టె తినేవాళ్లు ల్యూసిన్ గురించి కంగారు పడాల్సిన పనిలేదు. కానీ జొన్ననే పేదల ఏకైక ధాన్యంగా రేషన్లోకి తేవాలనే ప్రతిపాదన ఎక్కడ వచ్చినా, దాన్ని పరిశీలించే అధికారి నయాసిన్ అంకె చూసి సంతకం పెట్టకూడదు. ట్రిప్టోఫాన్, ల్యూసిన్, బి2, బి6 అంకెలు చూడాలి, పప్పు ఎంత ఇస్తారో అడగాలి. గోపాలన్ బృందం అప్పట్లోనే ల్యూసిన్ తక్కువున్న జొన్న వంగడాలపై దృష్టి పెట్టింది. ఆ పని మళ్లీ చేపట్టాలనుకునే వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఈ సభలో ఉంటే, వాళ్లకు 1960 నాటి ఆ లాన్సెట్ వ్యాసాన్ని, దాన్ని ఖండించిన వ్యాసాలతో కలిపి చదవమని చెబుతాను.