రాజీలో ఆడపడుచు వాటా



పంపకం దావాలను విచారణకు ముందే రాజీతో ముగించుకోవడం గురించి మాట్లాడమన్నారు. రాజీ మంచిదనే మేమూ అంటాము. తోబుట్టువులు బోనెక్కి ఒకరిపై ఒకరు సాక్ష్యం చెప్పుకొన్నాక ఆస్తి పంచుకోగలరేమో గాని, పండుగనాడు ఒకరి గడప ఒకరు తొక్కలేరు. అయితే రాజీ పేరిట మన ఇళ్లలో జరుగుతున్న అన్యాయాన్ని ముందుగా చెప్పవలసి ఉన్నది.

తండ్రి మరణించాడు. ఆయన తల్లిదండ్రులు అంతకు ముందే గతించారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మిగిలారు. అప్పులు తీర్చగా మిగిలిన ఇల్లు 40 లక్షలు చేస్తుందనుకొందాము. హనఫీ పద్ధతిలో భార్యకు ఎనిమిదో వంతు, అనగా 5 లక్షలు. తక్కిన 35 లక్షలలో అన్నదమ్ములకు చెరి 14 లక్షలు, ఆడపిల్లకు 7 లక్షలు. ఈ లెక్క తెలియని పెద్దలు అరుదు. ఆచరణకు వచ్చేసరికి మాత్రం, “నీ పెళ్లికి పెట్టాము కదమ్మా, పుట్టింటి తలుపు తెరిచి ఉండాలంటే సంతకం పెట్టు” అంటారు. పెళ్లి ఖర్చు వారసత్వానికి బదులు కాదు. ఆమె మౌనాన్ని సమ్మతిగా రాసుకొనే వారిలో మహల్లా పెద్దలూ ఉన్నారు. ఇది అనకుండా ఉండలేము.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద, రాజీకి వీలున్న దావాను న్యాయస్థానమే మధ్యవర్తిత్వానికో లోక్ అదాలత్‌కో పంపవచ్చును. లోక్ అదాలత్‌లో కుదిరితే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. ఆ అవార్డు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులోనే రాజీ పత్రం దాఖలు చేసి 23వ ఆర్డరు 3వ రూలు కింద డిక్రీ పొందినా, ఆ రాజీ చట్టసమ్మతం కాదంటూ మరో దావా వేయడాన్ని 3-ఎ రూలు అడ్డుకొంటుంది; డిక్రీ ఇచ్చిన కోర్టునే ఆశ్రయించాలి. కనుక జాగ్రత్త పడవలసినది సంతకానికి ముందే.

ఎవరికి ఎన్ని గజాలు, ఏ హద్దులు, సొమ్ము ఏ తేదీకి, ఇవ్వకపోతే ఏమి చేయాలి అన్నవి పత్రంలోనే ఉండాలి. “తరువాత చూసుకొందాం” అన్న మాటకు అక్కడ చోటు లేదు. చదువురాని తల్లికి ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించాలి. వారసులలో మైనరు ఉంటే 32వ ఆర్డరు 7వ రూలు ప్రకారం న్యాయస్థానం అనుమతి లేనిదే సంరక్షకుడు రాజీపడరాదు. దావాలో లేని స్థలాన్ని రాజీలో కలిపితే డిక్రీని రిజిస్టరు చేయించాలి. కార్యాలయాలలో ఏళ్ల తరబడి కాగితాలు చూసినవారిగా ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము.

ఆడపడుచు తన వాటాను అన్నకే వదులుకోదలిస్తే అది ఆమె ఇష్టము. కాని అది 7 లక్షలని ఆమెకు ముందు చెప్పి, ఆ తరువాత అడగాలి. ఆమె పక్షాన వేరే వకీలు ఉండాలి. ఫీజుకు భయపడనక్కరలేదు. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. రాయడం రానివారు నోటితో చెప్పినా చాలు.