చెప్పలేని బిడ్డకు మందు, కుక్క
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో పరీక్షాఫలితములను గూర్చియు, భవననిధిని గూర్చియు మాట్లాడుట వాడుక. ఈ యేడు ఆ వాడుకను తప్పి వేరొక విషయము నెత్తుకొనుటకు కారణము కలదు. మన పాఠశాలలో ఆటిజమ్ గల బిడ్డలు కొందరు చదువుచున్నారు. వారి తల్లిదండ్రులు మా కార్యాలయమునకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అడుగు ప్రశ్నలు రెండు. "డాక్టరుగారు మాత్రలు వ్రాసియిచ్చినారు, వేయవచ్చునా?" అనునది మొదటిది. "కుక్కను పెంచినచో బిడ్డకు మాటలు వచ్చునని విన్నాము, నిజమేనా?" అనునది రెండవది. ఇవి తలుపు వేసి అడుగవలసిన ప్రశ్నలు కావు. అందుచేత ఇందరి యెదుటనే వీనిని గూర్చి మాట్లాడదలచితిమి. మేము వైద్యులము కాము. వైద్యుల నడిగియు, చదివియు, మన బిడ్డలను చూచియు తెలిసికొన్నంతవరకే చెప్పెదము.

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి వ్రాసిన వ్యాసముతో ఆటిజమ్ అను పేరు వైద్యలోకమున స్థిరపడినది. ఇది అంటువ్యాధి కాదు. తల్లి పెంపకములోని లోపము కాదు. మెదడు ఎదుగు తీరులోని భేదము. ఒక బిడ్డ గలగల మాట్లాడును గాని ఎదుటివారి మనస్సును గ్రహింపలేడు. వేరొక బిడ్డ మాటయే యాడడు. కుక్కరు కూత వినబడగానే చెవులు మూసికొని బల్ల క్రింద దూరు బిడ్డయు కలడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో ఇదియు నొకటి. కాబట్టి ఈ బిడ్డకు బడిలో చోటిచ్చుట దయాభిక్ష కాదు.

ఇక మందుల సంగతి. ఆటిజమ్‌ను పోగొట్టు మందు నేటివరకును లేదు. మాటలు రప్పించు మాత్రయు లేదు. ఉన్న మందులు ఆటిజమ్‌తో కూడ వచ్చు కొన్ని బాధలకు మాత్రమే. తల గోడకు కొట్టుకొనుట, తన్ను తాను కరచుకొనుట, పట్టరాని కోపము, వీనిని తగ్గించుటకు రిస్పెరిడోన్ అను మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లోను, అరిపిప్రజోల్ అను మందును 2009లోను అంగీకరించెను. నిద్రలేమికి, మితిమీరిన చాంచల్యమునకు, మూర్ఛలకు వేరు వేరు మందులు కలవు.

రిస్పెరిడోన్ మీద జరిగిన పరీక్ష యొకటి 2002లో ప్రకటింపబడినది. తీవ్రమైన కోపోద్రేకములు గల 101 మంది పిల్లలను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు మందును, రెండవదానికి మందువలె కనబడు ఉత్తుత్తి మాత్రను 8 వారములు ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 69 మందికి స్పష్టమైన మేలు కనబడెను. ఉత్తుత్తి మాత్ర వారిలో నూటికి 12 మందికి మాత్రమే. ఇది చిన్న గుణము కాదు. అయితే ఆ 8 వారములలోనే మందు పుచ్చుకొన్న పిల్లలు సగటున 2.7 కిలోల బరువు పెరిగిరి, తక్కినవారు 0.8 కిలో. ఆకలి పెరుగుట, మగతగా నుండుట కూడ కనబడినవి. మేలును కీడును ఒకే మాత్రలో నున్నవని చెప్పుటకే ఈ అంకెలు మనవి చేసితిమి.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చట నున్నది. పెద్దవారికి మందు పడకపోయిన యెడల "నాకు కడుపులో వికారముగా నున్నది, కాళ్ళు నిలువనీయకున్నవి" అని చెప్పుకొందురు. మన బిడ్డ చెప్పలేడు. వాడు అటునిటు పరుగెత్తును, అరచును. మనము "రోగము ముదిరినది" అనుకొని మోతాదు పెంచుమని వైద్యుని కోరుదుము. మందు వలన కలిగిన అలజడికి మరింత మందు! అట్లే పంటిపోటు, చెవిపోటు, నాలుగు దినముల మలబద్ధము కూడ కోపముగానే బయలుపడును. కోపమునకు మాత్ర వేయుటకు ముందు నోరు తెరచి పన్ను చూచుట, కడుపు తడవి చూచుట మంచిది. మంచి వైద్యుడు ఆ పరీక్ష చేసిన పిదపనే చీటీ వ్రాయును.

కాబట్టి బిడ్డ పక్షమున పెద్దలే సాక్ష్యము చెప్పవలెను. అందులకు ఒక నోటుపుస్తకము చాలును. ఎన్ని గంటలు నిద్రించెను, ఎన్ని మారులు కోపించెను, కోపమునకు ముందు ఏమి జరిగెను, విరేచనమైనదా, నెలకు బరువెంత, ఇంతమాత్రము తెలుగులో వ్రాసినను చాలును. మందు మొదలిడుటకు రెండు వారముల ముందునుండియే వ్రాయుట మొదలుపెట్టుడు. లేనిచో తరువాత పోల్చి చూచుటకు ఆధార ముండదు. మందు ఎందుల కిచ్చుచున్నారు, ఎన్నాళ్ళకు గుణము కనబడవలెను, రక్తపరీక్ష యెప్పుడు, ఎప్పుడు మానవచ్చును అని వైద్యుని అడుగుటకు సంకోచింపవలదు. మానదలచినను మీయంతట మానరాదు. మూర్ఛల మందును హఠాత్తుగా నిలిపినచో ప్రాణాపాయకరమైన మూర్ఛలు రావచ్చును.

అద్భుతములను నమ్మువారికి ఒక ముచ్చట. 1998లో సెక్రెటిన్ అను ఇంజెక్షనుతో ఆటిజమ్ కుదురునని అమెరికాలో పెద్ద సంచలనము కలిగినది. మరుసటి యేడు 60 మంది పిల్లలతో పరీక్షింపగా, సెక్రెటిన్ ఇచ్చినవారికిని, ఉత్త ఉప్పునీరు ఇచ్చినవారికిని గుణము సమానముగనే కనబడెను! ఆశతో చూచు కంటికి ఉప్పునీరును మందే. ఆ ఆశ తప్పని మేమనము. దాని నమ్ముకొని నగలమ్ముట తప్పందుము. నేడు మూలకణముల చికిత్స పేర లక్షలు గుంజువారు కలరు. ఆటిజమ్‌కు ఆ చికిత్స సిఫారసు చేయదగినది కాదని 2022లోనే జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన మండలి తెలిపినది. ఎగుమూరులోని ప్రభుత్వ శిశువైద్యశాలయు, ముట్టుకాడులో 2005లో నెలకొల్పిన బహువైకల్య జాతీయ సంస్థయు మనకు దగ్గరలోనే యున్నవి. అమ్మదలచినవారు ముందుగా అచ్చటికి వెళ్ళి అడుగవలెను.

ఇక రెండవ ప్రశ్న. కుక్కను గూర్చిన ఆశయు నిరాధారమైనది కాదు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుని యొద్దకు ఒక తల్లి తన బిడ్డతో గంట ముందుగా వచ్చెనట. ఎవరితోను కలియని ఆ బిడ్డ, అచ్చటనే యున్న జింగిల్స్ అను వారి పెంపుడు కుక్క పరుగెత్తి వచ్చి నాకగా, బెదరక దానిని దగ్గరకు తీసికొనెను. లెవిన్సన్ 1962లో ఈ విషయమై వ్యాసము వ్రాయగా కొందరు నవ్విరి. నేడు నవ్వువారు తక్కువ. కెనడాలోని క్విబెక్‌లో 42 మంది ఆటిజమ్ బిడ్డలకు శిక్షణ పొందిన కుక్కల నిచ్చి, లాలాజలమున కార్టిసాల్ అను ద్రవ్యమును కొలిచిరి. ఒత్తిడిని తెలుపు ద్రవ్యమిది. నిద్ర లేచిన అరగంటలో పెరుగును. కుక్క రాకముందు ఆ పెరుగుదల నూటికి 58 వంతులు. కుక్క వచ్చిన పిదప 10. కుక్కను కొన్నాళ్ళు తీసివేయగా మరల 48. నోరు చెప్పనిది లాలాజలము చెప్పినది. 2012లో ఫ్రాన్సులో వెలువడిన పరిశోధనలో, 5 ఏండ్లు నిండిన పిదప ఇంటికి పెంపుడు జంతువు వచ్చిన బిడ్డలు తమ వస్తువును ఇతరులతో పంచుకొనుట, బాధలో నున్నవారిని ఓదార్చుట కొంత నేర్చిరని కనుగొనిరి. పుట్టినప్పటినుండి జంతువున్న ఇండ్లలో అట్టి మార్పు కనబడలేదు.

చెన్నపట్టణమున కూడ ఈ ప్రయత్నము జరిగినది. హాంగ్‌కాంగ్‌లో జిల్ రాబిన్సన్ 1991లో ఆరంభించిన 'డాక్టర్ డాగ్' పద్ధతిని 1959లో పుట్టిన మన బ్లూక్రాస్ సంస్థవారు ఇచ్చటికి తెచ్చిరి. సాధుస్వభావము గల కుక్కలను ఎంచి, సి. పి. రామస్వామి అయ్యరు ఫౌండేషన్‌వారి సరస్వతీ కేంద్రమునందలి ప్రత్యేక అవసరములు గల పిల్లల యొద్దకు తీసికొనిపోయిరి. ఇట్టి పనికి సీమకుక్కయే కానక్కరలేదు. సాధువైన వీధికుక్కయు చాలును.

అయినను కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదజూచుట వంటి ఆశ వలదు. కుక్క మాటలు నేర్పు పంతులు కాదు. ధర్మరాజు వెంట నడచిన కుక్క ధర్మదేవత. మన ఇంటికి వచ్చునది తినును, మొరుగును, మంచమెక్కును, పది పన్నెండేండ్లు బ్రతుకును. జార్జిటౌనులో రెండు గదుల యిండ్లలో, మడి కట్టుకొను నాయనమ్మగారున్న చోట దానికి స్థానమెక్కడ? పెద్దలను నొప్పించి, వారి కోపము కుక్క మీదను, కుక్క మీది విసుగు బిడ్డ మీదను పడునట్లు చేయుటలో లాభము లేదు. మొరుగుట వినలేని బిడ్డయున్న ఇంటికి కుక్కను తెచ్చుట హింసయే యగును. ముందుగా నెల రోజులు బంధువుల యింటి కుక్క యొద్దకు తీసికొనిపోయి చూడుడు.

ఇంకొక సంగతి, దీనిని దయచేసి మరువవలదు. మామూలు బిడ్డను కుక్క గీరినచో ఏడ్చుచు వచ్చి చూపును. మన బిడ్డ చూపడు. రేబిస్ లక్షణములు కనబడిన పిదప చికిత్స లేదనియే చెప్పవలెను. కాబట్టి ప్రతి రాత్రి స్నానము చేయించునప్పుడు కాళ్ళు, చేతులు, వీపు వెదకి చూడవలెను. గీత కనబడినచో సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడిగి, అప్పుడే ఆసుపత్రికి పోవలెను. మన కుక్కకు ఏటేటా టీకా వేయించినను ఈ జాగ్రత్త మానరాదు. వీధిలో వేరు కుక్కలున్నవి. తినుచున్న కుక్క యొద్దకు బిడ్డను ఒంటరిగా పోనీయవలదు. తోక లాగు చేయి బిడ్డదే యైనను నింద కుక్కకు వచ్చును.

ఒక యింట కుక్కకు ఆజ్ఞలన్నియు ఇంగ్లీషులో నేర్పుచున్నారు. అడిగితిమి. "బిడ్డకు మాట ఆలస్యమైనది గనుక ఇంట తెలుగు మానుమన్నారండి" అనిరి. రెండు భాషలు వినుటచే ఆటిజమ్ బిడ్డకు మాట మరింత వెనుకబడునని ఇంతవరకు జరిగిన పరిశోధనలలో తేలలేదు. తల్లికి చక్కగా రాని భాషలో తల్లి ఎంత మాట్లాడగలదు? కుక్కకు 'కమ్' అన్నను 'రా' అన్నను ఒకటే. 'రా' అనుట బిడ్డకు సులభము.

తుదకు పాఠశాల చేయు ఏర్పాట్లు. బిడ్డ ఏ మందు పుచ్చుకొనుచున్నాడో తరగతి ఉపాధ్యాయినికి తెలుపుడు. మందు మగతలో బల్ల మీద తల వాల్చిన బిడ్డను సోమరి యని దండించుట, తెలియకపోవుట వలననే జరుగును. ఆ వివరము ప్రధానోపాధ్యాయిని బీరువాలో నుండును, ఇతరులకు తెలియదు. బిడ్డలను ప్రతి నెల మొదటి సోమవారము తూచి, బరువు మీ నోటుపుస్తకములో వ్రాసి పంపెదము. మందు వలన దాహ మగు బిడ్డ పాఠము నడుమ నీటికి లేచినను అడ్డు చెప్పరు.

వచ్చు విద్యాసంవత్సరమున పక్షమున కొక గంట, టీకాలు వేసిన సాధువైన కుక్కను దాని యజమానితో కూడ బడికి రప్పింపవలెనని యున్నది. మీలో సగముమందియైన సమ్మతి తెలిపిననే చేసెదము. కుక్కయన్న భయపడు బిడ్డల పేర్లు ముందుగా వ్రాసి పంపుడు. ఆ గంటసేపు వారిని గ్రంథాలయములో బొమ్మల పుస్తకముల యొద్ద కూర్చుండబెట్టెదము.