రోగికి మందిచ్చు ధర్మము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మాకు అప్పగించిన విషయము రోగిశుశ్రూష. మేము పండితులము గాము. రోగి మంచము చెంత నిలిచి మందిచ్చుటయే మా వృత్తి. అందు నేర్చిన కొన్ని మాటలను మాత్రము మనవి చేసికొందుము.

ఖమ్మమునుండి కొత్తగూడెముమీదుగా గోదావరి దాటి భద్రాచలము చేరి, అచ్చటనుండి దుమ్ముగూడెము, చర్ల దిక్కునకు పోవు త్రోవ మీలో పెక్కుమంది యెఱిగినదే. భద్రాచల ప్రాంతము 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱుపడెను. జిల్లాల పేర్లు మాఱినను మన్యపు జ్వరము ఆ యడవిని విడువలేదు. పూర్వముకంటె తగ్గినది గాని పోలేదు. ఈ జ్వరపు క్రిమి దోమ కడుపులో నున్నదని రోనాల్డ్ రాస్ దొర 1897 ఆగస్టు 20వ తేదీని మన సికింద్రాబాదునందే కనుగొనెను. దీనికి మంచి మందులు కలవు. ఆర్టిమిసినిన్ అను మందును కనుగొన్న చీనాదేశపు విదుషీమణి టు యూయూకు 2015లో నోబెల్ బహుమాన మొసగిరి. మందు లేదను చింత తీఱినది. దానిని సరిగా ఇచ్చుట యను భారము మిగిలినది.

మలేరియాలో మన సీమయందు ముఖ్యముగా రెండు జాతులు. వైవాక్సు జాతికి మూడు దినములు క్లోరోక్విన్, పదునాలుగు దినములు ప్రైమాక్విన్ ఇత్తురు. మూడవనాటికి జ్వరము దిగును. రోగి లేచి పొలమునకు పోవును. మిగిలిన మాత్రలు చూరులో చెక్కబడును. కాలేయమున దాగిన క్రిములు కొన్ని నెలలకు మఱల లేచును. అప్పుడు మందు పనిచేయలేదని అందుము. ఫాల్సిపారమ్ జాతి యింకను క్రూరమైనది. అది మెదడున కెక్కిన ప్రాణమునకే ముప్పు. దానికి ఆర్టిమిసినిన్ కలిసిన మిశ్రమౌషధమును మూడు దినములు తప్పక మింగవలెను. ఏ జాతియో రక్తపరీక్షచే తెలియును గాని ఒడలు ముట్టి చూచుటచే తెలియదు.

ఈ ప్రైమాక్విన్ గర్భిణులకును పసికందులకును ఈయరాదు. జీ6పీడీ యను పదార్థము రక్తమున లోపించినవారు దీనిని మింగినచో ఎఱ్ఱకణములు పగిలి, మూత్రము నల్లబాఱి, ప్రాణాపాయము కలుగవచ్చును. గిరిజన కుటుంబములలో కొన్నిట ఈ లోపము కలదు. కావున మూత్రపు రంగు మాఱినచో మందు నిలిపి వెంటనే వైద్యుని చేరుమని ముందుగనే చెప్పవలెను.

మా తప్పు నొకదానిని దాచక చెప్పెదము. మేము కొలువున చేరిన క్రొత్తలో ఒక వానకాలపు రాత్రి ఇద్దఱు సీతమ్మలు ప్రక్కప్రక్క మంచములపై నుండిరి. భద్రాద్రి సీమలో సీతమ్మ లేని వాడ కలదా? మేము ప్రైమాక్విన్ మాత్రలు చేతబట్టి పేరు పిలిచితిమి. ఒకామె చేయి చాచెను. అంతలో ఆమె అత్త, “ఏ సీతమ్మకు తల్లీ యీ మాత్రలు? మాది వట్టి మనిషి కాదు” అనెను. మా గుండె ఝల్లుమన్నది. చదువు నేర్చిన మేము అడుగవలసిన ప్రశ్నను చదువురాని ముసలమ్మ అడిగినది. నాటినుండి పేరుతోపాటు భర్త పేరో, తండ్రి పేరో, ఊరి పేరో రోగి నోటనే చెప్పింపక మందీయలేదు.

మా వృత్తిలో ఐదు సరిచూపులు కలవు: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. ఇచ్చిన పిమ్మట వ్రాసియుంచుట ఆఱవది. పిల్లల మోతాదు బరువునుబట్టి గాని కంటిచూపునుబట్టి కాదు. వంటింటి చెంచాలు ఇంటికొక కొలత. మందుసీసాతో వచ్చిన కొలపాత్రనే వాడవలెను. కోయభాష మాటలాడు తల్లికి తెలుగున చెప్పి తలయూపించుకొనిన చాలదు. సూర్యుని, చంద్రుని బొమ్మ గీసి, ఆమెచేతనే తిరిగి చెప్పింపవలెను.

వేళ తప్పిన మంచిమందే విషమగును. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము లోకమున కిచ్చిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్కదినము మాత్రమే వాడుదురు. పొరబడి ప్రతిదినము మింగి ప్రాణములు కోల్పోయినవారు పలుదేశములలో నున్నారు. ఇట్టి హానిని తగ్గింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో పెద్ద ఉద్యమమును ఆరంభించెను.

ఇక కటువైన మాట. మనవారిలో కొందఱు మన్యపు సంతలలో అంగళ్లు నడపుచున్నారు. జ్వరమని వచ్చిన కోయవానికి మాత్రల పట్టీనుండి రెండు కత్తిరించి యిచ్చుట కలదు. కత్తిరించిన ముక్కపై మందు పేరుండదు, గడువుండదు. రెండు మాత్రలతో జ్వరము దిగును, రోగము దాగును. అతడు మనలను నమ్మి రెండుకోసుల దూరము నడచి వచ్చినవాడు. ఆ కొద్దిపాటి లాభముకొఱకు ఆ నమ్మకమును అమ్ముకొందుమా? అతనిని ఊరి ఆశా కార్యకర్తయొద్దకు పంపుడు. ప్రభుత్వమువారు పరీక్షను, మందును ఉచితముగా నిచ్చుచున్నారు. ఆ బేరము పోయినను మన సంఘగౌరవము నిలుచును.

పోషకులకు మా విన్నపము రెండు. మన్యపుటంచున నున్న ప్రతి శాఖకును ఒక బరువుతూచు యంత్రమును, కొన్ని కొలపాత్రలను, ఒక వ్రాతపుస్తకమును సమకూర్పుడు. వీని వ్యయము ఒక వివాహపు మేళతాళములపాటి చేయదు. ఏటేట మన బాలికల నిద్దఱనైనను నర్సు శిక్షణకు పంపుడు. ఈ కొలువు తక్కువదను తలంపు మన యిండ్లలో నింకను పోలేదు. రాత్రి రెండు గంటలకు జ్వరపీడితుని నోట సరియైన మాత్ర నుంచు చేయి తక్కువదెట్లగును?