అడ్వాన్సు సొమ్ము ఒక అమానతు

సర్వస్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! గడువు తీరకముందే కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసినపుడు అడ్వాన్సు సొమ్ము ఎవరిది? మస్జిదులో భుజం కలిపి నిలిచే ఇద్దరు ఈ సొమ్ము మూలంగా సలాము సైతం మానుకోవడం మనం చూస్తూనే ఉన్నాము.

ముందుగా కిరాయిదారుని బాధ్యత. ఒప్పందాలకు కట్టుబడవలసిందిగా మాయిదా సూరా మొదటి ఆయతులోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. 11 నెలలకు కుదిరిన కిరాయి కూడ ఒప్పందమే. తప్పనిసరి కారణం ఏర్పడితే రద్దు చేసుకొనే వీలు హనఫీ ఫిఖహ్‌లో ఉన్నది. అయితే యజమానికి ముందుగా తెలుపకుండా వెళ్లిపోవడం, ఆయన సమ్మతి లేకుండా కిరాయి ఆపి "అడ్వాన్సులో పట్టుకోండి" అనడం తగదు.

ఇక యజమాని విషయం. అమానతులను హక్కుదారులకు అప్పగించవలెనని నిసా సూరా 58వ ఆయతు ఆదేశం. అడ్వాన్సును ఖర్చు చేసుకొన్న యజమాని ఆ మేరకు బాకీదారు అవుతాడే గాని, ఆ సొమ్ముకు స్వంతదారు కాడు. మధ్యలో వెళ్లిపోయాడన్న కోపంతో మొత్తం ఉంచుకోవడం అన్యాయార్జితం. వాడుకలో వెలిసిపోయిన సున్నానికి కిరాయిదారుని బాధ్యుణ్ణి చేయరాదు.

ఒక లెక్క చూద్దాం. నెల కిరాయి రూ. 10,000, అడ్వాన్సు రూ. 20,000. ఖాళీ చేసే ముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలని షరతు. కిరాయిదారు నోటీసు ఇవ్వకుండానే వెళ్లాడు. కరెంటు బాకీ రూ. 800, అతడు విరగగొట్టిన తలుపు మరమ్మతు రూ. 1,200. నోటీసు నెల కిరాయితో కలిపి రూ. 12,000 మినహాయించి, రూ. 8,000 తిరిగి ఇవ్వాలి. పదిహేను రోజులకే కొత్తవారు చేరితే మరో రూ. 5,000 కూడ ఇచ్చివేయడమే న్యాయం. ఒకే ఇంటికి, అవే రోజులకు రెండు కిరాయిలు తీసుకోవడం విశ్వాసికి శోభించదు.

బాకీలను సాక్షుల సమక్షంలో వ్రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తున్నది. కాబట్టి నోటీసు గడువును, మినహాయింపులను చేరిన నాడే వ్రాసుకోవాలి.

నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకొని వచ్చినా, ఇతరుల సొమ్ము తిన్న కారణంగా ఆ పుణ్యాలన్నీ వారికి ధారపోసి ప్రళయదినాన దివాలా తీసే వ్యక్తిని గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. మనలో ఎవరివద్దనైనా అట్టి సొమ్ము ఉంటే వచ్చే జుమాకు ముందే లెక్క తేల్చి అప్పగించుదాం.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ గావించుగాక! ఆమీన్.