ఎన్నాళ్లలో తగ్గుతుంది?

మధ్యలో నా మాట ఆగితే మైకు పాడైందనుకోకండి. నా నత్తి మా బ్యాచ్‌కి కొత్త కాదు.

ఆ సంగతి తెలిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొస్తుంటారు. నేను సివిల్ ఇంజనీర్ని, డాక్టర్ని కాను. అయినా అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నాళ్లలో తగ్గుతుందండీ?" ఇల్లు కట్టించుకునేవాళ్లూ నన్ను అదే అడుగుతారు. స్లాబుకి తేదీ చెప్పగలను గానీ మాటకి చెప్పలేను.

2 నుంచి 5 ఏళ్ల మధ్య నత్తి మొదలైన పిల్లల్లో ఎక్కువమందికి అది పోతుంది. అలాగని ఊరుకోకుండా స్పీచ్ థెరపిస్టుకి చూపించాలి. పెద్దయ్యాకా నిలిచిపోయేది సుమారు నూటికి ఒకరికి. అది పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తప్పు నాలుకదీ కాదు, తల్లిదండ్రుల పెంపకానిదీ కాదు. (మా నాయనమ్మ వసకొమ్ము ఎంత అరగదీసిందో పాపం!) థెరపీతో మాట తేలికపడుతుంది, భయం తగ్గుతుంది. ఒక నెల బాగుండి పరీక్షలప్పుడు మళ్లీ పెరగనూవచ్చు. నత్తి స్వభావమే అంత. ఈ మాట మొదటిరోజే ఇంట్లోవాళ్లకి చెప్పే థెరపిస్టు దొరకడం అదృష్టం.

నా చిన్నప్పుడు ఒకచోట 21 రోజుల్లో గ్యారంటీ అన్నారు. ఆ గదిలో గడగడా మాట్లాడాను. ఇంటికొచ్చిన వారానికే మళ్లీ మొదలు. నేను సరిగ్గా సాధన చెయ్యలేదనుకున్నారు నాన్న. పోయిన ఫీజు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

మొన్న ఒకావిడ ఎనిమిదో తరగతి చదివే కొడుకుని తీసుకొచ్చారు. "వీడు తడుముకోకుండా మాట్లాడితే చాలండీ" అన్నారు. నీకేం కావాలిరా అని వాణ్ణి అడిగాను. చాలాసేపు పట్టింది. "క్లాసులో డౌటు అడగాలంకుల్" అన్నాడు. ఆవిడ అప్పటిదాకా ఆ మాట విననేలేదట. థెరపిస్టుకి ముందుగా చెప్పాల్సింది వాడి కోరికే అన్నాను. తడబడుతూనైనా వాడు డౌటు అడిగిన రోజు థెరపీ పనిచేసినట్టే లెక్క.

టీచర్లకి ఒక మనవి. అలాంటి పిల్లల్ని పాఠం చదివించకుండా వదిలెయ్యకండి. ఎలా అయితే సులువో విడిగా పిలిచి అడగండి. వాళ్ల వాక్యం మీరు పూర్తిచెయ్యకండి. "నెమ్మదిగా, ఊపిరి పీల్చుకుని చెప్పు" అని కూడా అనకండి. మంచి మనసుతోనే అంటారు, కానీ దాంతో గొంతు ఇంకా బిగుసుకుంటుంది.

భోజనాలయ్యాక సైన్సు ల్యాబు వరండాలో ఉంటాను. అడగాలనుకున్నవాళ్లు రండి. పిల్లల్నీ తీసుకురండి, ముందు వాళ్లతోనే మాట్లాడతాను.