సీసా మీద పేరు చాలదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు నా పక్క బెంచీ మిత్రుడు మ్యాట్నీకి వెళ్లాడు. హాజరు పిలిచినప్పుడు గొంతు మార్చి వాడి బదులు నేనే "ప్రజెంట్ సార్" అన్నాను. రిజిస్టర్లో వాడున్నాడు, బడిలో లేడు. విషయం తెలిశాక లెక్కల మాస్టారు నన్ను కొట్టలేదు. "పేరు పలికితే మనిషి వచ్చినట్టు కాదురా" అన్నారంతే. మర్నాటి నుంచి ప్రతి పేరుకీ తలెత్తి, ముఖం చూశాకే టిక్కు పెట్టేవారు. ఆ పాఠమే నాకు ఇవాళ అన్నం పెడుతోంది.

పరిశోధనశాలల్లో డీఎన్ఏ ముక్కల పొడవు కొలిచే యంత్రాలను బిగించడం, బాగుచేయడం నా ఉద్యోగం. మా అమ్మకు గ్లకోమా. నీటికాసులని అంటారు కదా, అదే. రెటీనాలోని గ్యాంగ్లియన్ కణాల పోగులే కంటి నరమై చూపును మెదడుకు చేరుస్తాయి. ఈ జబ్బులో అవి చనిపోతాయి, మళ్లీ పుట్టవు. వాటిని కాపాడే మందు కోసం శాస్త్రవేత్తలు కణాలను సీసాల్లో పెంచి పరీక్షిస్తారు. అందుకే ఈ కథ విన్నప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది.

2001లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రవేత్తలు ఆర్‌జీసీ-5 అనే కణాలను ప్రకటించారు. పెద్ద ఎలుక రెటీనాలోని గ్యాంగ్లియన్ కణాలని చెప్పారు. గ్లకోమా పరిశోధకులకు పండగే! ఎన్నో దేశాలకు ఆ సీసాలు వెళ్లాయి, వందకు పైగా పరిశోధన పత్రాలు వాటి మీద వచ్చాయి. 2009లో ఇంకో బృందం డీఎన్ఏ చూస్తే అవి పెద్ద ఎలుకవే కావు, చిట్టెలుకవి! చివరికి 2013లో అసలు సంగతి తేలింది. అవి 661డబ్ల్యూ అనే వేరే కణాలు. రంగులను గుర్తించే కోన్ కణాల జాతివి. అవి ఆగకుండా పెరగడానికి ఒక వైరస్ జన్యువు ఎక్కించామని అనుకున్నారు. లోపల దొరికింది 661డబ్ల్యూలో ఉండే మరో వైరస్ జన్యువు. ఏనాడో ఒక సీసాలోవి ఇంకో సీసాలో చేరి ఉంటాయి. అంటే, గ్యాంగ్లియన్ కణాల పేరిట కోన్ కణాలు అన్నేళ్లు "ప్రజెంట్ సార్" అన్నాయన్నమాట.

మోసం ఎవరూ చేయలేదు. వేగంగా పెరిగే కణాల చుక్క ఒక్కటి పడినా చాలు, కొన్ని వారాల్లో సీసా అంతా అవే అవుతాయి. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె నుంచి తీసిన హీలా కణాలు ఇలాగే ఎన్నో సీసాల్లో చేరాయని 1966లోనే స్టాన్లీ గార్ట్లర్ చూపించారు.

ముఖం చూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న అక్షర గుచ్ఛాలు పదేపదే వస్తాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. అలాంటి చోట్లు కొన్నింటిని కొలిచి, అసలు కణాల లెక్కతో పోల్చితే చాలు. మనుషుల కణాలకు ఎనభై శాతం, ఆ పైన కలిస్తే ఒకే మూలమని లెక్క. ఎలుకల కణాలకైతే ముందు ఏ జాతివో తేల్చాలి. సీసా రాగానే ఒకసారి, పని ముగిశాక మరోసారి చూసుకోవాలి.

ఈ కథలో నాకు బాగా నచ్చింది చివరి మాట. 2013లో నిజాన్ని ప్రచురించినవారిలో, 2001లో ఆ కణాలను ప్రకటించిన శాస్త్రవేత్తలే ఉన్నారు. పన్నెండేళ్ల తమ పని పేరు తప్పని తామే చెప్పుకోవడానికి గుండె కావాలి.

అమ్మ ఇప్పుడు నన్ను గొంతుతోనే గుర్తుపడుతుంది. గొంతు మార్చే అలవాటు నేనెప్పుడో మానేశాను. తలెత్తి ముఖం చూడటం నేర్పిన మాస్టారికి, ఈ బడికి నేను రుణపడి ఉన్నాను. మీరంతా నలభై దాటినవారే. ఈ నెలలోనే ఒకసారి కళ్లు చూపించుకోండి. గ్లకోమా చెప్పి రాదు.

సెలవు.