చూపు లేకున్నా చేతికి పని



చూపు లేని మనిషికి కావలసింది జాలి కాదు, పని.

అమెరికాలో 1936లో ఒక చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో కొట్టు పెట్టుకోవడానికి అంధులకు అవకాశం ఇచ్చారు. తర్వాత చాలా రాష్ట్రాలు తమ ఆఫీసులకూ అలాంటి చట్టాలే చేసుకున్నాయి.

అక్కడ కొట్టు చూపించి ఊరుకోరు. ముందు వ్యాపారం నేర్పుతారు. లైసెన్సు ఇస్తారు. సామాన్లు, మొదటి సరుకు సమకూరుస్తారు. ఆపైన కొట్టు నడుపుకొని తమ కాళ్ల మీద తాము నిలబడతారు.

మన దేశంలోనూ 2016 చట్టం ఉంది. వ్యాపారానికి ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చే స్థలాల్లో నూటికి 5 చొప్పున వికలాంగులకు కేటాయించాలి. వైకల్యం నూటికి 40కి తగ్గకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి.

మీ వీధిలో చూపు లేని వాళ్లున్నారా? ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి. అర్జీ రాసి పెట్టండి. నేర్చిన నాలుగు అక్షరాలు అలా ఇంకొకరికి కళ్లవుతాయి.